అవ్వ పోయింది వర్నికి రా అన్న

నాలుగో కీబోర్డు తుడుస్తున్నాను. తడిగుడ్డను వేలికి చుట్టి మీటల సందుల్లో తిప్పితే నిన్నటి మిక్చర్ పొడి, అగరొత్తి బూడిద, ఎవరివో వెంట్రుకలు బయటికి వస్తాయి. షట్టర్ సగం లేపి, గిరాకీ రాకముందే కీబోర్డులన్నీ తుడవడం రోజూ పొద్దున నా పని. కొన్ని మీటల మీద అక్షరాలు అరిగి కనబడకుండా పోయాయి. కామా మీట, ప్రశ్న గుర్తు మీట మాత్రం కొన్ననాడు ఎట్లా ఉన్నాయో అట్లాగే ఉన్నాయి. చుక్క మీట కొంచెం అరిగింది. అది డాట్ కామ్ కొట్టీ కొట్టీ అరిగిందే తప్ప, ఒక మాటను ముగించి అరిగింది కాదు.

నిజామాబాద్ బస్టాండ్ వెనక సందులో ఉన్న ఆ నెట్ సెంటర్ రామ్‌దాస్ సేటుది. నడిపేది నా భర్త జయరాజ్. దుకాణం వెనక గదిలో మా కాపురం. గదికీ దుకాణానికీ మధ్య ఒక పరదా, అంతే. అది రెండు వేల నాలుగో సంవత్సరం. ఫోన్లు ఇంకా అందరి చేతుల్లోకి రాలేదు. పిల్లలు వచ్చి గంటసేపు యాహూలో మాట్లాడుకుని పోయేవాళ్లు. తెలుగును ఇంగ్లిషు అక్షరాలతో కొట్టేవాళ్లు. అందులో దీర్ఘం ఉండదు, వత్తు ఉండదు, చుక్క అసలే ఉండదు. మాట ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో చదివేవాళ్లే చూసుకోవాలి.

దాంతో వచ్చిన తంటాలను జయరాజ్ రాత్రి అన్నం తింటూ చెప్పి నవ్వించేవాడు. ఒక పిల్లగాడు ఒక పిల్లకు నీ కళ్లంటే పానం అని రాశాడట. ఆ పిల్ల వాళ్ల బాపుకు అర్సపల్లి దిక్కు కల్లు దుకాణం ఉంది. ఇంగ్లిషులో రాస్తే కళ్లైనా కల్లైనా ఒకటే. "మా బాపు కల్లు తాగనీకి నాతోని దోస్తానా చేసినవా" అని ఆ పిల్ల తిట్టి మాటలు ఆపేసిందట. "గా పోరడు నా కాడికొచ్చి ఏడుస్తుండు. అన్న, కళ్లకు స్పెల్లింగ్ ఏందే అంటడు" అని జయరాజ్ చెబుతుంటే నాకు పొలమారింది.

నేను ఆర్మూర్ దిక్కు పల్లె నుంచి వచ్చినదాన్ని. మా బడిలో లింబయ్య సారు తెలుగు చెప్పేవాడు. పాఠం పైకి చదివించేవాడు. కామా దగ్గర కొంచెం, చుక్క దగ్గర ఇంకొంచెం ఆగాలి. ఆగకుండా ఉరికితే "ఏయ్ డ్రైవరూ, బ్రేకు వెయ్, బస్సు కాలువల పడ్డది" అనేవాడు. అందరూ నవ్వేవాళ్లు. ఆ నవ్వుకు భయపడి నేను ప్రతి చుక్క దగ్గరా ఆగడం నేర్చుకున్నాను. రాసేటప్పుడూ అదే అలవాటు. ఇంటర్ ఫలితాలు చూసుకోవడానికి ఈ నెట్ సెంటర్‌కే వచ్చాను. జయరాజ్ చూసి చెప్పాడు. ఆ తర్వాత మా ఊరి పక్క టౌన్లో కంప్యూటర్ నేర్చుకుంటూ అతనికి యాహూలో రాసేదాన్ని. ఇంగ్లిషు అక్షరాలతోనే రాసినా చుక్కలూ కామాలూ అన్నీ పెట్టేదాన్ని.

"నీ మెసేజ్ సదివితె లింబయ్య సారు బెత్తం పట్టుకొని ఎదురుంగ నిలవడ్డట్టు ఉంటది" అనేవాడు జయరాజ్. ఆ మాట చదివి ఒక్కదాన్నే నవ్వుకునేదాన్ని.

జయరాజ్ వాళ్లు కిరస్తానీలు. మేము కాదు. పసుపు, వరి పండించుకునేవాళ్లం. మా పెండ్లి సంగతి తెలిసి మా బాపు ముత్తన్న కొన్నాళ్లు మాట్లాడలేదు. పసుపు తవ్వకాలప్పుడు కూలీలు దొరక్క మనిషిని పంపి మమ్మల్ని పిలిచాడు. జయరాజ్ గడ్డపార పట్టి రెండు సాళ్లు తవ్వి అరచేతులు పగలగొట్టుకుంటే బాపే వెన్న రాశాడు. అట్లా కలిసిపోయాం.

మా అత్తమ్మ శారమ్మతో అట్లా కుదరలేదు. ఆమె బోధన్‌లో ఉంటుంది. మా మామ జీవరాజు చెరుకు తోటల్లో పని చేసి, చిన్న వయసులోనే చనిపోయాడు. అప్పటినుంచి ఆమె ఒక్కతే కొడుకునూ బిడ్డనూ సాదింది. కొడుకు పెండ్లి చర్చిలో పదిమంది ముందు జరగాలని అనుకుంది. మేము రిజిస్టర్ ఆఫీసులో చేసుకుని, దండలు తీయకుండానే ఆమె ఇంటి ముందు నిలబడ్డాం. ఆమె వాకిట్లోకి వచ్చి నన్ను చూడలేదు. కొడుకునే చూసింది.

"నేను పోయినంక రా గీ ఇంటికి" అంది. "నేను పోయినంకనే."

తలుపు వేసుకుంది. రెండేండ్లుగా ఆ మాట అట్లాగే ఉంది.

జయరాజ్‌కు ఒకటే కోరిక. అమ్మను అతను అవ్వ అనే పిలుస్తాడు. ఆ అవ్వ నన్ను ఒక్కసారి కళ్లెత్తి చూడాలి. ఆ తర్వాత తిట్టినా సరే. అంతకు మించి అతను ఏమీ అడగలేదు.

ఆడబిడ్డ సలోమి మాత్రం మాతో మాట్లాడేది. బోధన్ బస్టాండ్ దగ్గర కంప్యూటర్ కోర్సు నేర్చుకుంటూ, సందు దొరికినప్పుడల్లా యాహూలో రాసేది. ఆమె రాత వాన కురిసినట్టు ఉంటుంది. అవ్వకు కొత్త అద్దాలొచ్చినయ్ మాకు ఎలుక దొరికింది వదిన ఏం కూర పరీక్ష పోయింది. ఎలుకకూ కూరకూ మధ్య ఒక గీత కూడా ఉండదు. ఒకసారి ఆమె ఏదో అడిగితే నేను "సరే" అని రాసి చుక్క పెట్టాను. మర్నాడు జయరాజ్‌కు వేరేగా రాసింది, వదినకు నా మీద కోపమొచ్చిందా అని.

"చుక్క పెట్టినవట?" అని జయరాజ్ అడిగాడు.

"మాట అయిపోయింది గదా, పెట్టిన."

"ఇంట్లోళ్లతోని మాట అయిపోవుడేంది? చుక్క పెడితె మొకం మీద తలుపేసినట్టు ఉంటది. దుకాణం కాయితాలకు పెట్టు, సలోమికి పెట్టకు."

అప్పటినుంచి నేనూ చుక్కలు మానేశాను. కొద్దిరోజులకు అదే అలవాటైంది.

అవ్వ ఇంట్లో లేనప్పుడు సలోమి ఇల్లు ఖాళీ అని రాసేది. జయరాజ్ పొద్దున బస్సెక్కి బోధన్ పోయి, ఆ వంటింట్లో కూర్చుని అవ్వ వండిన కూర తిని, సాయంత్రానికి వచ్చేసేవాడు. వచ్చిన రోజు ఎక్కువ మాట్లాడేవాడు కాదు. ఒకసారి నేనూ పోయాను. అత్తమ్మ వాళ్ల సంఘంవాళ్లతో కందకుర్తి దగ్గర ఎవరి పెండ్లికో పోయింది. ఆమె ఇంట్లో నేను తిరిగింది ఆ ఒక్కరోజే. పాత అద్దాలు రోలు మీద ఉన్నాయి. కింద పడి పగులుతాయేమోనని తీసి కిటికీలో పెట్టాను. తిన్న పళ్లేలు కడిగి, తుడిచి, ముందు ఎట్లా ఉన్నాయో అట్లాగే బోర్లించాను. బయటికి వస్తుంటే దొంగతనం చేసి వస్తున్నట్టు సందులో అటూ ఇటూ చూశాను.

ఆమె గొంతు మాత్రం అంతకు ముందే విన్నాను. పోయిన క్రిస్మస్‌కు జయరాజ్, నేను బోధన్ పోయి చర్చి గోడ బయట నిలబడ్డాం. లోపల ఆడవాళ్ల తరఫున బైబిలు చదివింది ఆమెనే. నెమ్మదిగా చదివింది. చుక్క వచ్చినచోట ఆగేది. ఎంతసేపు ఆగేదంటే, లోపల పంకా తిరిగే చప్పుడు బయట మాకు వినబడేది. లింబయ్య సారు వింటే ఈమెను ముందు వరుసలో కూర్చోబెట్టేవాడు అనుకున్నాను. ఈమె కూడా నాలాగే చదువుతుంది అని ఎందుకో సంతోషమైంది. ఆ సంగతి ఆమెతో చెప్పుకునే రోజు వస్తుందని కూడా అనుకున్నాను.

వారం ముందు సలోమి రాసింది. అవ్వకు చాతిల నొస్తుందంట డాక్టర్ గ్యాస్ అన్నడు నాకైతే భయమైతుంది. జయరాజ్ ఆ రోజంతా సరిగ్గా తినలేదు. పోదామా అంటే, పోతే ఇంకా నొప్పి ఎక్కువైతదేమో అన్నాడు.

ఇక ఆ పొద్దున. నేను నాలుగోది తుడిచి ఐదోది అందుకుంటున్నాను. జయరాజ్ తన కంప్యూటర్ పెట్టి యాహూ తెరిచాడు. కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడైంది.

"రేణుక" అన్నాడు.

తిరిగి చూస్తే అతని చేయి నోటి మీద ఉంది.

"అవ్వ పోయింది."

గుడ్డ కింద పడేసి అతని వెనక నిలబడ్డాను. ముందటి రోజు సాయంత్రం వచ్చిన మెసేజ్. ఒకటే వరుస.

అవ్వ పోయింది వర్నికి రా అన్న

వర్నిలో మా పెద్దత్త ఎల్లవ్వ ఇల్లుంది. మామ జీవరాజు సమాధి అక్కడే ఉంది. నన్ను ఆయన పక్కన పెట్టుండ్రి అని అత్తమ్మ ఎప్పుడూ అనేదట. అందుకే వర్నికి రమ్మంది అని ఇద్దరికీ అనిపించింది. నేను ఆ వరుసను చూసింది జయరాజ్ మాట విన్న తర్వాత. ముందే చూసి ఉంటే ఏమో. చెవిలో ఒకచోట చుక్క పడ్డాక, కన్ను ఇంకోచోట దాన్ని వెతకలేదు.

జయరాజ్ ఎదురు సందులోని ఎస్టీడీ బూత్‌కు పోయి బోధన్‌లో వాళ్ల పక్కింటికి ఫోన్ చేశాడు. ఎవరూ ఎత్తలేదు. "అందరు వర్నికి పోయిండ్రు కావచ్చు" అన్నాడు. షట్టర్ వేసి తాళంచెవి పక్క దుకాణంలో ఇచ్చాం. బస్టాండ్ బయట చామంతి దండ కొన్నాడు. పెద్దదా చిన్నదా అని పూలామె అడిగింది అతనికి వినబడలేదు.

వర్ని బస్సులో కిటికీ పక్కన కూర్చుని దండను ఒళ్లో పెట్టుకున్నాడు. వరి కోతలు నడుస్తున్నాయి. చెరుకు బండ్లు ఎదురొచ్చినప్పుడల్లా బస్సు పక్కకు దిగి ఆగేది. ముందు సీటు ముసలమ్మ వెనక్కి తిరిగి దండను చూసింది.

"ఎవలు బిడ్డా?"

"మా అవ్వ."

ఆమె నాలుక చప్పరించి ముందుకు తిరిగింది. కాసేపటికి ఒక బత్తాయి తీసి నా చేతిలో పెట్టింది.

"ఈ క్రిస్మస్‌కు నిన్ను తీస్కపోదామనుకున్న" అన్నాడు జయరాజ్. "తిడితె తిట్టనియ్యి, కొడితె కొట్టనియ్యి. ఒక్కసారి నిన్ను సూస్తె సాలు. నువ్వెసుంటిదానివో దానికే సమజైతది అనుకున్న. సూడకుంటనే పాయె."

నేను అతని మోచేయి పట్టుకున్నాను.

"నేను పోయినంక రా అన్నది. అన్నట్టే పిలిచింది సూడు."

వర్నిలో దిగి సందులోకి మళ్లాక అతను ఆగి విన్నాడు. చావు ఇంట్లో పాటలు పాడుతుంటారు వాళ్లు. ఏ పాటా వినబడలేదు. "తీస్కపోయిండ్రు. ఆలస్యమైంది మనకు" అని ఉరికాడు. నేను బత్తాయి చేతిలో పట్టుకుని వెనక నడిచాను. టెంటు లేదు, కుర్చీలు లేవు. ఒకామె రోడ్డు మీద వడ్లు ఆరబోస్తూ మమ్మల్ని వింతగా చూసింది.

ఎల్లవ్వ ఇంటి గేటు తీసే ఉంది. వాకిట్లో చాప మీద కూర్చుని మా అత్తమ్మ చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది.

జయరాజ్ అక్కడే నిలబడిపోయాడు. ఆమె అద్దాల పైనుంచి చూసింది. కొడుకును చూసింది, దండను చూసింది.

"ఏందిరా గది?"

అతను పోయి చాప మీద కూలబడి ఆమె ఒళ్లో తల పెట్టాడు. చిక్కుడుకాయలు చెల్లాచెదరయ్యాయి. పెద్ద మనిషి అట్లా ఏడవడం నేనెన్నడూ చూడలేదు. ఆ చప్పుడుకు ఎల్లవ్వ గరిటెతో బయటికి వచ్చింది.

"ఓయమ్మ, జయరాజా! ఎవలు సచ్చిండ్రురా?"

"అవ్వ... అవ్వ పోయిందన్నరు పెద్దమ్మా."

"మీ అవ్వనా? పొద్దుగాల మూడు రొట్టెలు తిన్నది. నాలుగోది ఎయ్యమంటె పిండి అయిపోయింది. సచ్చినోళ్లు గంత తింటరా?"

అత్తమ్మ నవ్వలేదు. ఈనెలు తీసిన చేతిని చీర కొంగుకు తుడుచుకుని అతని తల మీద పెట్టింది. చాలాసేపు నిమిరింది.

"పిచ్చోడా" అంది. "నీకు జెప్పకుంట నేనెట్ల పోతరా?"

గేటు బయట నిలబడి నేను ఆ మాట విన్నాను. లోపలికి అడుగు వేయాలో వద్దో తెలియలేదు. అప్పుడామె తల ఎత్తింది. పెండ్లి రోజు చూడని చూపు, రెండేండ్ల తర్వాత అప్పుడు చూసింది. కాళ్ల నుంచి మొదలుపెట్టి ముఖం దాకా చూసింది. నా చేతిలో బత్తాయి ఉంది.

"గా పిల్లను ఎండల నిలవెట్టినవేందిరా" అని కొడుకుతో అంది. "లోపటికి రమ్మను."

లోపలికి పోయి కాళ్లకు మొక్కబోతే చేయి పట్టి ఆపింది. ఆ చేయి గరుకుగా, వెచ్చగా ఉంది. ఎల్లవ్వ దండను ఎత్తి చూసి "కొత్త కోడలు అత్తకు దండ తెచ్చింది, ఏసుకోవే శారీ" అని ఆటపట్టించింది. అత్తమ్మ దండ అందుకుని దారం తెంచి, జానెడు పూలు విడదీసి నాకు ఇచ్చింది.

"తల్ల పెట్టుకో."

చావుకని కొన్న పూలు. మా ఇండ్లల్లో అవి ఎవరూ ముట్టరు. నేను తటపటాయించడం ఆమెకు కనబడింది.

"నేను బతికే ఉన్న గద బిడ్డా. గివి ఒట్టి పూలే."

పెట్టుకున్నాను. నా వేళ్లకు ముడి అందకపోతే ఆమే సర్దింది.

చిక్కుడుకాయ కూర ఉడికేదాకా మేము వంటింటి గడప దగ్గర కూర్చున్నాం. అన్నం ఆమే వడ్డించింది. జయరాజ్‌కు వేసినంత నాకూ వేసింది. ఆమె మాటలు నాతోనే మొదలుపెట్టింది.

"పసుపు తవ్వొస్తదా నీకు?"

"వస్తది అత్తమ్మ."

"మాకు చెరుకు నరకొస్తది. దేంట్ల నడుము ఎక్కువ నొస్తదో క్రిస్మస్‌కు కూసోని మాట్లాడుకుందాం. ఇద్దరు రాండ్రి."

జయరాజ్ ముద్ద నోట్లో పెట్టుకోకుండా నా వైపు చూశాడు. అతనికి కావలసింది దొరికింది. ఇంకేమీ లేదు, తిని చేయి కడుక్కుంటే చాలు.

అప్పుడు ఎల్లవ్వ గోడకు ఆనుకుని కూర్చుంటూ అడిగింది. "గది సరే గని, బతికున్న మనిషిని సంపి రాసిన చెయ్యి ఎవలిదిరా?"

"పోనీ పెద్దమ్మా, ఇప్పుడెందుకు."

"ఎందుకేందిరా? దాని చెయ్యి ఇరగ. ఎవలో జెప్పు."

జయరాజ్ అన్నం కలుపుతూ చిన్నగా చెప్పాడు. "సలోమి కంప్యూటర్ల రాసింది."

"గా పోరినా? కడుపున పుట్టిన బిడ్డ తల్లి సచ్చిందని రాసిందా? శారీ, ఇంటివా? కంప్యూటర్ నేర్పిచ్చినవ్ సూడు, మంచిగ నేర్చింది. ఆదివారం పాస్టరు ముందల నిలవెడ్త దాన్ని."

అత్తమ్మ చేతిలో గరిటె ఆగింది.

"సలోమి గట్ల రాయది" అంది. "నాకు తెల్లారితె గోలీలు ఇచ్చేది అదే. ఏం రాసిందిరా? ఉన్నదున్నట్టు జెప్పు."

చెప్పకపోతే చెల్లెలు అబద్ధాలకోరు అవుతుంది. చెల్లెలిని కాపాడుకోవాలనే అతను చెప్పాడు. తెర మీద ఎట్లా ఉందో అట్లాగే, ఎక్కడా ఆగకుండా, ఒక్క ఊపిరిలో చెప్పాడు.

"అవ్వ పోయింది వర్నికి రా అన్న."

"మళ్ల జెప్పు."

మళ్లీ చెప్పాడు. ఆమె కళ్లు మూసుకుంది. చర్చిలో చదివిన గొంతుతోనే, తనలో తాను అనుకున్నట్టు అంది.

"అవ్వ పోయింది." ఆగింది. "వర్నికి రా అన్న."

ఎల్లవ్వ "గదే గదనే, నువ్వు పోయినవనే గద" అంది. అత్తమ్మ వినలేదు. పెదవులు మళ్లీ కదిలాయి.

"అవ్వ పోయింది వర్నికి."

ఈసారి ఆగినప్పుడు పొయ్యిలో కట్టె చిటపటమన్న చప్పుడు వినబడింది. నాకు అప్పుడు తెలిసింది. జయరాజ్‌కూ తెలిసింది, అతని ముఖం చూశాను. పొద్దుటినుంచి మేమిద్దరం మోసుకొచ్చిన చావు, ఒక చుక్క అటు జరిగితే లేకుండా పోయింది. దాని చోట ఇల్లు ఖాళీ అనే కబురు వచ్చింది.

"రా అన్న" అని ఆమె మిగతాది పూర్తి చేసింది.

"రెండు ఒక్కటే గదనే" అంది ఎల్లవ్వ.

"ఒక్కటి గాదక్క." ఆమె కళ్లు తెరిచింది. "నిన్న నన్ను బస్సెక్కిచ్చింది సలోమినే. రెండు దినాలు ఉండి రా అవ్వ, పెద్దమ్మ కాడ పానం తేలికైతది అన్నది. సంచి గూడ అదే సదిరింది. నా మీద గింత పావురమేందో, గింత పేమేందో అనుకున్న."

ఎల్లవ్వ గోడ వదిలి ముందుకు జరిగింది.

"గింతకు ముందు గూడ వచ్చినవా?" అని కొడుకును అడిగింది.

జయరాజ్ పళ్లెంలోకి చూశాడు. లేదని ఒక్క మాట అంటాడేమో అనుకున్నాను. అబద్ధం ఆడడం అతనికి రాదు.

"నా పాత అద్దాలు రోలు మీద పెట్టిపోయిన. వచ్చి సూస్తె కిటికీల ఉండె" అంది ఆమె. గొంతు పెంచలేదు. "సలోమిని అడిగితె నువ్వే పెట్టుకున్నవ్ అన్నది. నాకు మతిమరుపొచ్చింది అనుకున్న. ఇంక ఎవల్ని గుర్తువట్టనేమో అని భయపడ్డ. ఆడోళ్ల కూడికల మోకాళ్లేసి అందరితోని ప్రార్థన చేయిచ్చుకున్న. నా మతి నాకుండనియ్యి ప్రభువా అని."

ఆ అద్దాలు ముట్టిన వేళ్లకు అన్నం అంటుకుని ఉంది. వాటిని చూస్తూ కూర్చున్నాను. పగలకూడదనే తీసి పెట్టాను. పెట్టినది పెట్టినచోటే వదిలేసినా, అద్దాలు తీసింది నేనేనని ఏదో ఒక రోజు గేటు ముందు నిలబడి చెప్పినా, ఆమె ఆ మోకాళ్ల మీద అంత భయపడి ఉండేది కాదు. సలోమి రాసిన దానిలో ఒక చుక్క ఉంటే మేము బోధన్ పోయి, దాక్కుని తిని వచ్చేవాళ్లం. ఆమె చేతి అన్నం, ఆమె సర్దిన పూలు మాకు దొరికేవే కావు. ఆమెకు ఈ సంగతీ తెలిసేది కాదు. ఏది మేలో ఇప్పటికీ నాకు తేలలేదు.

జయరాజ్ నవ్వాడు. అతనికి వేరే దారి తోచలేదు. చిన్నప్పటినుంచి అవ్వ కోపాన్ని నవ్వించే దాటేవాడట.

"నువ్వే అన్నవ్ గద అవ్వ" అన్నాడు. "నేను పోయినంక రా అని. నువ్వు పోయినంకనే వచ్చినం."

ఆ మాట అతను అనుకున్నట్టు వినబడలేదు. చెప్పిన మరుక్షణమే అతనికీ అర్థమైంది. నవ్వు ముఖం మీద అట్లాగే ఉండిపోయింది, తీయడం మరిచిపోయినట్టు.

అత్తమ్మ గరిటెను గిన్నెలో పెట్టింది. అన్నం మీద మూత పెట్టింది. చేతులు కడుక్కుని కొంగుకు తుడుచుకుంది. లోపలి గదిలోకి పోయి సలోమి సర్దిన సంచి తెచ్చుకుంది. అద్దాలు తీసి, మడిచి, సంచిలో పెట్టి, ఉన్నాయో లేవో అని మళ్లీ ఒకసారి తడిమి చూసుకుంది.

"ఏ శారీ, యాడికే? ఇప్పుడు బస్సు లేదు" అంది ఎల్లవ్వ. "ఇంటున్నవా? ఎండ ఎట్లున్నది సూడు."

నేను లేచి నిలబడ్డాను. జయరాజ్ ఎంగిలి చేత్తోనే గడప దాకా పోయి "అవ్వ" అన్నాడు. ఆమె చెప్పులు వేసుకుంటోంది. వాకిట్లో ఇంకా ఏరకుండా మిగిలిన చిక్కుడుకాయలను తొక్కకుండా వాటి పక్కనుంచి నడిచింది. గేటు దగ్గర ఆగుతుందనుకున్నాను. చుక్క వచ్చిన ప్రతిచోటా ఆగే మనిషి.

ఆగలేదు.